ఎపాక్సీ ఆరదు, ముదురుతుంది: చేపల రాడ్ మీద పూత చెడకుండా వేసే పద్ధతి

ఒకసారి ఆగస్టులో సెలవు మీద కాకినాడ వెళ్లినప్పుడు మా బావకి కొర్రమీను రాడ్ ఒకటి అక్కడే కట్టిపెట్టాను. రాడ్ కర్రను పీవీసీ గొట్టంలో పెట్టి, దానికి కట్టే రింగులు, చుట్టే దారం, పూతకు ఎపాక్సీ సూట్‌కేసులో సర్దుకుని హ్యూస్టన్ నుంచి మోసుకెళ్లాను. కొలిచే సిరంజీలు మాత్రం గరాజ్‌లోనే మర్చిపోయాను. దగ్గు మందు సీసాతో వచ్చే బుల్లి గిన్నెతో కొలిచి, వాన పడుతున్న సాయంత్రం వరండాలో కూర్చుని పూత వేశాను. "ఫ్యాన్ కింద పెట్టరా, తెల్లారేసరికి ఆరిపోద్ది" అన్నాడు బావ. పెట్టాం. తెల్లారింది, ఆరలేదు. మర్నాడు కాస్త ఎండ వస్తే డాబా మీద పెట్టాం. నాలుగో రోజుకి కూడా వేలు పెడితే బెల్లం పాకంలా అంటుకుంటోంది. దాని నిండా దుమ్ము, పైగా రెండు దోమలు.

తప్పు బావది కాదు. రంగులు, వార్నిష్‌లు చూసి పెరిగిన ఎవరైనా అదే సలహా ఇస్తారు. వార్నిష్‌లో ఉన్న ద్రావకం గాలిలోకి ఎగిరిపోతే అది ఆరుతుంది, కాబట్టి ఫ్యాన్ పనికొస్తుంది. ఎపాక్సీలో ఎగిరిపోవడానికి ఏమీ లేదు. రెసిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు ఒకదానితో ఒకటి కలిసి రసాయన చర్య జరిగి గట్టిపడతాయి. పాకం ముదిరినట్టు ముదురుతుంది, అంతే. హార్డెనర్ జత దొరకని రెసిన్ ఎన్నాళ్లయినా జిగటగానే ఉంటుంది, రెసిన్ జత దొరకని హార్డెనర్ కూడా అంతే. కొంచెం హార్డెనర్ ఎక్కువేస్తే త్వరగా గట్టిపడుతుందని కొందరు అనుకుంటారు. అలా వేస్తే మిగిలిపోయిన హార్డెనర్ పూతను మెత్తగా చేస్తుంది.

రాడ్ కట్టేవాళ్లు పూతలో చూసే తంటాల్లో ముప్పావు వంతు బ్రష్ పట్టుకోకముందే ఖాయమైపోతాయని నా నమ్మకం. అందుకే ఈ మార్గదర్శిలో బ్రష్ పట్టడం గురించి తక్కువ, అంతకుముందు పనుల గురించి ఎక్కువ ఉంటుంది.

కొత్తవాళ్ల కోసం రెండు మాటలు. బ్లాంక్ అంటే రాడ్ ఒంటి కర్ర, ఈ రోజుల్లో ఎక్కువగా కార్బన్ ఫైబర్‌ది. గైడ్లు అంటే గాలం తీగ దూరి వెళ్లే రింగులు. గైడ్ పాదాన్ని బ్లాంక్ మీద ఆనించి దారంతో చుడతాం. ఆ దారం చుట్లను నీటి నుంచి, రాపిడి నుంచి కాపాడి, గైడ్‌ని కదలకుండా పట్టి ఉంచేదే ఈ ఎపాక్సీ పూత.

1. సరైన ఎపాక్సీ

రాడ్ చుట్ల కోసమే తయారుచేసిన ఎపాక్సీ వాడండి. ఫ్లెక్స్ కోట్, థ్రెడ్‌మాస్టర్, ప్రోకోట్ లాంటివి అమెరికాలో ఎక్కువమంది వాడేవి. గట్టిపడ్డాక కూడా ఇవి కాస్త వంగుతాయి. రాడ్ వంగినప్పుడు పూత కూడా వంగాలి కదా.

హార్డ్‌వేర్ షాపుల్లో జంట ట్యూబుల్లో దొరికే అతుకు మందు ఇక్కడ పనికిరాదు. చిక్కగా ఉంటుంది, దారంలోకి ఇంకదు, కొన్నాళ్లకి పసుపెక్కుతుంది. ఐదు నిమిషాల రకమైతే రెండో గైడ్ దగ్గరికి వెళ్లేలోపే గడ్డ కడుతుంది. చెక్క టేబుళ్లలో నది ఆకారంలో పోసే రెసిన్ ఇంకో ఉచ్చు. అది మందంగా పోసినప్పుడు తనలో పుట్టే వేడితోనే గట్టిపడేలా తయారైంది. కాగితమంత పలుచని పూతలో ఆ వేడి పుట్టదు, రోజుల తరబడి మెత్తగా ఉండిపోతుంది.

రాడ్ ఎపాక్సీల్లో పలుచనివి, చిక్కనివి రెండు రకాలున్నాయి. మొదటి నాలుగైదు రాడ్లకు పలుచని రకమే తీసుకోండి. రెండు పూతలు వేయాల్సి వస్తుంది, వేయండి. చిక్కని రకంతో ఒక్క పూతలో పని అయిపోతుందన్న ఆశే సగం గైడ్లను అమెరికన్ ఫుట్‌బాళ్లలా మధ్యలో ఉబ్బిస్తుంది.

చలికాలంలో రెసిన్ సీసాలో అడుగున పంచదారలా పలుకులు కట్టినా, మసకబారినా పారేయక్కర్లేదు. మూత గట్టిగా బిగించి వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టి, పూర్తిగా తేటపడే వరకు ఉంచండి. పలుకులున్న రెసిన్‌తో మాత్రం పూత వేయొద్దు. పాత హార్డెనర్ లేత తేనె రంగుకు తిరిగితే అది గట్టిపడటం మానదు, కానీ తెల్ల దారం మీద ఆ రంగు కనబడుతుంది. నల్ల దారం రాడ్లకు వాడేసుకోండి.

2. గది

గది వేడి 21 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. చల్లగా ఉంటే ఎపాక్సీ చిక్కబడి బుడగలను వదలదు, దారంలోకి దిగదు. మరీ వేడిగా ఉంటే చేతిలోనే ముదిరిపోతుంది. రసాయన చర్యలకు ఒక ముతక లెక్క ఉంది: పది డిగ్రీలు పెరిగితే వేగం దాదాపు రెట్టింపు. 25 డిగ్రీల దగ్గర అరగంట పనిచేసే ఎపాక్సీ మే నెల మధ్యాహ్నం విజయవాడలో ఏసీ లేని గదిలో పావుగంట కూడా ఆగదు.

తేమ సంగతి ఇంకా ముఖ్యం. హార్డెనర్‌లో ఉండే అమీన్లు అనే రసాయనాలు గాలిలోని తేమతో, బొగ్గుపులుసు వాయువుతో కలిస్తే పూత పైన జిడ్డు పొర తేలుతుంది, లేదా పూతే పాలపొరలా మసకేస్తుంది. దీన్నే బ్లష్ అంటారు. కోస్తాలో వానాకాలం, హ్యూస్టన్‌లో దాదాపు ఏడాది పొడుగునా ఇదే బాధ. తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటర్ ఒకటి కొనుక్కోండి. అది 60 శాతం లోపు చూపిస్తే నిశ్చింతగా పని మొదలెట్టొచ్చు.

ఏసీ గది మంచిదే, ఒక షరతు మీద. రాత్రంతా ఏసీ నడవాలి. పూత వేసేశాం కదా అని పడుకునే ముందు ఏసీ ఆపేస్తే బయటి తేమ గాలి లోపలికొచ్చి చల్లగా ఉన్న రాడ్ మీద చెమ్మ కడుతుంది. కరెంటు బిల్లు మిగిల్చుకోబోయి బ్లష్ తెచ్చుకున్నవాణ్ణి నేనే. ఏసీ గాలి నేరుగా రాడ్ మీదికి కొట్టకుండా కూడా చూసుకోండి.

ఫ్యాన్ ఆపండి. అరగంట ముందు తడిగుడ్డతో నేల తుడవండి. ఆ గదిలో అగరొత్తులు, దోమల చుట్ట వద్దు. పక్కన వంటింట్లో తాలింపు పడుతుంటే తలుపు మూసేయండి. గాలిలో తేలే నూనె ఆవిరి పూతకు పెద్ద శత్రువు, ఎందుకో కిందికి వెళ్తే తెలుస్తుంది.

3. గైడ్ పాదం, దారం

బుడగలు పుట్టే చోటు ఇదే. గైడ్ పాదం చివర మొద్దుగా ఉంటే దారం దాని మీదికి ఎక్కేటప్పుడు మెట్టు పడి, కింద సొరంగం లాంటి ఖాళీ మిగులుతుంది. అందులో గాలి ఉంటుంది. సన్నని ఆకురాయితో పాదం చివరను కత్తి అంచులా పలుచబడేలా రుద్దండి, అడుగున బరక లేకుండా నునుపు చేయండి. ఇలా చేస్తే దారం సాఫీగా ఎక్కుతుంది, సొరంగం చిన్నదవుతుంది. తర్వాత కాలంలో పాదం కొస దగ్గర పూతలో వెంట్రుకలాంటి పగులు రాకుండా కూడా ఇదే కాపాడుతుంది.

చుట్టడం అయ్యాక దారం మీద నూగు లేస్తే స్పిరిట్ దీపం మంటను ఒక్క క్షణం చూపించి లాగేయండి. నూగు మిగిలితే పూతలో ముల్లులా నిలబడుతుంది.

మామూలు నైలాన్ దారం ఎపాక్సీ తగలగానే నీళ్లలో తడిసిన చొక్కాలా పారదర్శకమై రంగు ముదురుతుంది. రంగు అలాగే ఉండాలంటే ముందు కలర్ ప్రిజర్వర్ వేయాలి. వేస్తే పూర్తిగా, దారం అన్ని వైపులా తడిసేలా వేయండి, ఒక రోజంతా ఆరనివ్వండి (ఇది నిజంగానే ఆరే సరుకు, దీనికి బావ ఫ్యాన్ పనికొస్తుంది). అరకొరగా వేస్తే ఎపాక్సీ కొన్ని చోట్ల దిగి, కొన్ని చోట్ల దిగక మచ్చలు మచ్చలుగా కనబడుతుంది. ఆ మచ్చలకు తర్వాత మందు లేదు, దారం విప్పాల్సిందే. ప్రిజర్వర్ అక్కర్లేని రకం నైలాన్ దారాలు కూడా దొరుకుతాయి. మొదటి రాడ్‌కి అవే తీసుకోమంటాను.

4. చేపకళ్లు పుట్టే చోట్లు

పూత వేసిన పది నిమిషాలకి చూస్తే ఎపాక్సీ ఒక చోట వెనక్కి తగ్గి గుండ్రని గుంట చేసి, మధ్యలో దారం బోసిగా కనబడుతుంది. దీన్ని ఫిష్ ఐ అంటారు. చేపలు పట్టే రాడ్ మీద చేపకన్ను వస్తే నవ్వొచ్చే విషయమే, మన రాడ్ కాకపోతే. అక్కడ నూనె, మైనం, లేదా సిలికాన్ ఉందని అర్థం. తామరాకు మీద నీటిబొట్టు ఎలా నిలవదో ఎపాక్సీ కూడా వాటి మీద నిలవదు.

ఎక్కడి నుంచి వస్తుంది? తలకు రాసుకున్న కొబ్బరినూనె, చేతికి రాసుకున్న క్రీము, కారు డ్యాష్‌బోర్డు మెరిపించే స్ప్రే, పౌడర్ ఉన్న గ్లవ్స్. అన్నిటికంటే పెద్ద దొంగ మాత్రం మెడికల్ షాపులో కొన్న సిరంజీ. దాని పిస్టన్ చివర నల్ల రబ్బరు ఉంటుంది చూడండి, అది సాఫీగా జారడానికి లోపల సిలికాన్ నూనె పూస్తారు. శుభ్రమైన సీలు వేసిన సిరంజీ కదా అని మనం నమ్మకంగా వాడతాం, ఆ నూనె ఎపాక్సీతో పాటు రాడ్ మీదికి వచ్చేస్తుంది. రబ్బరు లేకుండా మొత్తం ప్లాస్టిక్‌తో చేసిన సిరంజీలు ఉంటాయి, అవే కావాలి. రాడ్ సామాను అమ్మేవాళ్ల దగ్గర విడిగా దొరుకుతాయి.

కలపడానికి పేపర్ టీ కప్పులు వద్దు. కొన్నిటి లోపల మైనం పూత ఉంటుంది, పుల్లతో గీకితే అది ఊడి కలుస్తుంది. చిన్న ప్లాస్టిక్ కప్పు చాలు.

రాడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన పీచు ఊడని గుడ్డతో తుడవండి. బ్లాంక్‌ని చుట్టడానికి ముందే ఒకసారి, పూతకు ముందు చుట్ల పక్కన మరోసారి. దాని తర్వాత ఒట్టి చేత్తో చుట్లను తాకొద్దు. నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. అవి రాడ్ కోసమే కాదు, మీ కోసం కూడా. హార్డెనర్ చర్మానికి పదే పదే తగిలితే కొందరికి అలర్జీ పట్టుకుంటుంది, పట్టుకుంటే ఇక వదలదు, ఎపాక్సీ పనే మానుకోవాల్సి వస్తుంది.

5. కొలత

రాడ్ ఎపాక్సీలు ఎక్కువగా ఒకటికి ఒకటి పాళ్లలో కలిపేవి. ఇది పరిమాణం లెక్క, బరువు లెక్క కాదు. బంగారం తూచే డిజిటల్ కాటా ఇంట్లో ఉంది కదా అని చెరో మూడు గ్రాములు తూచొద్దు. రెసిన్ హార్డెనర్ కంటే బరువైనది, సమాన బరువులు తీసుకుంటే హార్డెనర్ ఎక్కువ పడిపోతుంది. తయారీదారు బరువు లెక్క విడిగా ఇచ్చి ఉంటే తప్ప కాటా జోలికి పోకండి.

చెరొక మూడు మిల్లీలీటర్లకు తక్కువ ఎప్పుడూ కలపొద్దు. రెండు గైడ్లకే అంత ఎందుకు, దండగ కదా అనిపిస్తుంది. లెక్క చూడండి. సిరంజీ మీద 0.1 మిల్లీలీటరు పొరపాటు ఎవరికైనా సహజం. ఒక మిల్లీలీటరులో అది పది శాతం తేడా, మూడింటిలో మూడు శాతం చిల్లర. మూడు శాతాన్ని ఎపాక్సీ క్షమిస్తుంది, పది శాతాన్ని క్షమించదు. నా కాకినాడ గిన్నెలో తేడా ఇంకా ఎక్కువే అయ్యుంటుంది, గిన్నె గోడకు అంటుకున్న రెసిన్‌ని నేను లెక్కలోకే తీసుకోలేదు.

రెసిన్‌కి ఒక సిరంజీ, హార్డెనర్‌కి ఒక సిరంజీ, మార్కర్‌తో పేరు రాసుకుని, ఎప్పటికీ మార్చొద్దు. సీసా మూతలు కూడా తారుమారు కాకూడదు. రెసిన్ చిక్కగా ఉంటే సీసాని గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు ఉంచి, తర్వాత మెల్లగా లాగండి. గబుక్కున లాగితే సిరంజీలోకి గాలి బుడగ వస్తుంది. ఆ బుడగ మీకు మూడు అని చూపిస్తుంది, కప్పులో పడేది 2.7. సిరంజీని నిలువుగా పట్టి గాలి బయటికి నెట్టి, అప్పుడు గీత చూడండి.

6. కలపడం

టైమర్ పెట్టుకోండి. మూడు నుంచి ఐదు నిమిషాలు. టైమర్ లేకపోతే మనకు మూడు నిమిషాలంటే ఒకటిన్నర నిమిషమే, నా మీద నేనే పరీక్షించి చూశాను.

మజ్జిగ చిలికినట్టు చిలకొద్దు. పుల్లను అడుక్కి ఆనించి, పైకి లేపకుండా, నిదానంగా గుండ్రంగా తిప్పండి. మధ్య మధ్యలో కప్పు గోడలు, అడుగు మూల, పుల్లకు అంటుకున్నది గీకి మధ్యలోకి తెచ్చి కలపండి. మొదట్లో నీళ్లలో పంచదార కరుగుతున్నట్టు చారలు కనబడతాయి, కొంచెం మబ్బుగా కూడా ఉంటుంది. చారలు పూర్తిగా పోయి తేటపడ్డాక ఇంకో నిమిషం కలపండి. ఐస్‌క్రీం చెక్క పుల్ల కంటే ప్లాస్టిక్ లేదా స్టీలు పుల్ల మేలు, చెక్క రంధ్రాల్లోంచి గాలి వస్తూనే ఉంటుంది.

కలిపాక కప్పులోంచే బ్రష్ ముంచుకుని పని మొదలెట్టడం చాలామంది చేసే పని. నేనొప్పుకోను. రెండు కారణాలున్నాయి. ఒకటి, కప్పులో కుప్పగా ఉన్న ఎపాక్సీ తనలో పుట్టిన వేడికి తానే త్వరగా ముదురుతుంది. రెండు, మీరెంత గీకినా గోడల మీద సరిగ్గా కలవని పొర కొంత మిగిలే ఉంటుంది, బ్రష్ గోడకు తగిలిన ప్రతిసారీ అది రాడ్ మీదికెక్కుతుంది. పూత అంతా గాజులా గట్టిపడి, ఒక్క గైడ్ దగ్గర మాత్రం రూపాయి బిళ్లంత మెత్తగా ఉండిపోయిందంటే తొంభై శాతం కారణం ఇదే. కాబట్టి అల్యూమినియం ఫాయిల్ పరిచిన పళ్లెంలోకి పోసేయండి. కూల్ డ్రింక్ టిన్ను బోర్లించి, దాని అడుగు గుంట మీద ఫాయిల్ అదిమితే చక్కని పళ్లెం తయారవుతుంది. పోసేటప్పుడు మాత్రం కప్పు గోడలు గీకొద్దు, దానంతట అది జారినంతే చాలు. పలుచగా పరుచుకున్న ఎపాక్సీ వేడెక్కదు, పని చేసుకునే సమయం పెరుగుతుంది, బుడగలు వాటంతటవే పైకొచ్చి పగిలిపోతాయి. ఒకట్రెండు నిమిషాలు అలా వదిలేయండి.

ఆ కప్పును, పళ్లెంలో మిగిలినదాన్ని పారేయొద్దు. తర్వాత వాటితో పని ఉంది.

7. మొదటి పూత

మొదటి పూత పని దారాన్ని తడపడం మాత్రమే, మెరుపు తేవడం కాదు. రాడ్‌ని స్టాండు మీద పెట్టి చేత్తో మెల్లగా తిప్పుతూ, బ్రష్ నిండా కాకుండా కొంచెం కొంచెంగా తీసుకుని చుట్ల మధ్యలో పెట్టి రెండు వైపులా జరపండి. గైడ్ పాదం పక్కనున్న సొరంగాల నోట్లోకి బ్రష్ కొసతో ఎపాక్సీని నెట్టండి. గాలి ఎంత ముందుగా బయటికొస్తే అంత మంచిది.

అంచుల దగ్గర బ్రష్‌ని కదలకుండా పట్టి రాడ్‌ని తిప్పండి. బ్రష్‌ని తిప్పితే అంచు వంకర పోతుంది. ఎపాక్సీ దారం దాటి బ్లాంక్ మీదికి ఒక మిల్లీమీటరు రావాలి, లేకపోతే ఆ సందులోంచి నీళ్లు దిగుతాయి.

పది నిమిషాలు ఆగండి. ఇప్పుడు తిప్పడం ఆపేసి రాడ్‌ని అలాగే వదిలి చుట్ల కింది భాగం చూడండి. ఎక్కువైన ఎపాక్సీ అంతా బొజ్జలా కిందికి దిగుతుంది. దాన్ని పొడి బ్రష్‌తో అద్ది తీసేయండి. అర చుట్టు తిప్పి మళ్లీ చూడండి. మధ్యలో ఉబ్బి రెండు కొసల్లో పలుచబడే ఫుట్‌బాల్ ఆకారం రాకుండా ఆపేది ఈ ఒక్క పనే. పూత ఎక్కువైతే మోటారు ఎంత బాగా తిప్పినా దాన్ని సమం చేయలేదు.

8. మంట

బుడగలు కనబడగానే అందరూ లైటర్ తీస్తారు. లైటర్ మంటలో మసి ఉంటుంది, కొవ్వొత్తి, నూనె దీపం, కర్పూరం సంగతి చెప్పనే అక్కర్లేదు. తెల్ల దారం మీద ఆ మసి జీవితాంతం ఉంటుంది. స్పిరిట్ దీపం మంట శుభ్రంగా ఉంటుంది, అదే వాడండి. రాడ్ తిరుగుతుండగా మంటను చుట్ల కింద నాలుగైదు సెంటీమీటర్ల దూరంలో ఒక్క సెకను జరిపి తీసేయండి. వేడికి ఎపాక్సీ పలుచబడి బుడగ పగులుతుంది. అక్కడే ఆపితే ఎపాక్సీ నీళ్లలా అయ్యి అంచులు దాటి పారుతుంది, బ్లాంక్ కూడా దెబ్బతింటుంది. హెయిర్ డ్రయర్ వద్దు, అది దుమ్ము తెచ్చి పోసి పూతను అలలు చేస్తుంది. ఆల్కహాల్ సీసా, తడిసిన గుడ్డ మంటకు దూరంగా, మూత పెట్టి ఉండాలని వేరే చెప్పాలా.

మంటతో పోని బుడగలు కొన్ని ఉంటాయి. ఒకటి పగలగొడితే అదే చోట ఇంకొకటి వస్తుంది. అవి కలిపేటప్పుడు వచ్చినవి కావు, సొరంగంలోంచి, దారం కిందనుంచి వస్తున్నవి. గది వేడెక్కుతుంటే లోపలి గాలి వ్యాకోచించి పైకి తన్నుతుంది. అందుకని ఏసీ గదిలో పూత వేసి, ఆరుబయట వేడి గరాజ్‌లోకి రాడ్‌ని తీసుకెళ్లడం అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. పొద్దున్నే వేయడం కంటే సాయంత్రం, గది చల్లబడే వేళ వేస్తే గాలి లోపలికే పోతుంది, ఎపాక్సీని కూడా వెంట లాక్కెళుతుంది.

పావుగంట దాటాక మంట, బ్రష్ రెండూ కింద పెట్టేయండి. ముదరడం మొదలైన పూతను కెలికితే మిగిలే గీతలు బుడగ కంటే అసహ్యంగా ఉంటాయి.

9. తిప్పడం

పూత కిందికి కారకుండా కనీసం నాలుగైదు గంటలు రాడ్ తిరుగుతూ ఉండాలి. నేనైతే రాత్రంతా వదిలేస్తాను. నిమిషానికి ఆరు నుంచి పద్దెనిమిది చుట్లు తిప్పే మోటార్లు దొరుకుతాయి. ఇంట్లో చేసుకునేవాళ్లు మైక్రోవేవ్ ఓవెన్ పళ్లాన్ని తిప్పే చిన్న మోటారు వాడతారు, నిమిషానికి ఐదారు చుట్లు, సరిపోతుంది. పాత ఓవెన్ విప్పి తీయొద్దు, అందులో ప్లగ్ తీశాక కూడా ప్రాణం తీసేంత కరెంటు నిలవ ఉంటుంది. విడి మోటారు కొనండి, దాని మీద ఎన్ని వోల్టులని రాసుందో చూసుకోండి.

కరెంటు పోయే ఊళ్లో ఉంటే మోటారును ఇన్వర్టర్ లైను మీద పెట్టండి. అదీ లేకపోతే చేత్తో తిప్పొచ్చు: మొదటి గంట రెండు మూడు నిమిషాలకోసారి పావు చుట్టు, తర్వాత ఐదు నిమిషాలకోసారి, అలా చిక్కబడేదాకా. రాడ్ నేలకు సమాంతరంగా ఉండాలి, ఒక వైపు వాలితే ఎపాక్సీ అటు జారుతుంది.

గట్టిపడిందో లేదో రాడ్‌ని ముట్టుకుని చూడొద్దు. దాచిన పళ్లెం ఇప్పుడు తీయండి, దానిలోని ఎపాక్సీని గోటితో నొక్కండి. పళ్లెంలో గట్టిగా ఉండి రాడ్ మీద మెత్తగా ఉంటే తప్పు రాడ్ మీద జరిగింది, అంటే గోడల పొర అంటడమో, పూర్తిగా ఎగరని ఆల్కహాల్ మిగలడమో. రెండూ మెత్తగా ఉంటే కొలతో కలపడమో తప్పింది.

10. రెండో పూత

12 నుంచి 24 గంటల మధ్య, డబ్బా మీద రాసిన గడువు చూసుకుని వేయండి. ఆ వేళకు మొదటి పూత ఇంకా పూర్తిగా ముదరదు కాబట్టి రెండోది దానితో కలిసిపోతుంది. రెండు మూడు రోజులు దాటితే మెరుపు పోయేలా స్కాచ్‌బ్రైట్ పీచుతో తేలిగ్గా రుద్ది, తుడిచి, అప్పుడు వేయాలి.

ముందు వేలు పోనిచ్చి చూడండి. జిడ్డుగా తగిలితే అది బ్లష్. దాన్ని ఆల్కహాల్‌తో తుడిస్తే అటూ ఇటూ పులుముకుంటుంది తప్ప పోదు. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ఈ పొర మీదే రెండో పూత వేస్తే ఆర్నెల్లకి అది రేకులా లేస్తుంది. దుమ్ము మొటిమలుంటే కొత్త బ్లేడును పడుకోబెట్టి పట్టి చెక్కేయొచ్చు, దారం తెగకుండా.

రెండో పూత పద్ధతి మొదటిదే. రాడ్‌ని నీళ్ల దగ్గరికి తీసుకెళ్లడానికి వారం ఆగండి.

11. చెడిపోతే

పైన కొంచెం బంకగా ఉండి లోపల గట్టిగా ఉంటే మూడు రోజులు వెచ్చని గదిలో వదిలేయండి. అప్పటికీ పోకపోతే ఆల్కహాల్‌తో తుడిచి, ఈసారి సరిగ్గా కొలిచిన పూత మరొకటి పైన వేయండి. చాలాసార్లు అది లోపలిదాన్ని కప్పేసి పని అయిపోతుంది.

చేపకళ్లు పూత పచ్చిగా ఉన్నప్పుడే కనబడితే మొత్తం ఆల్కహాల్‌తో తుడిచేసి, ఆరాక మళ్లీ మొదలెట్టండి. గుంటలో ఇంకో చుక్క వేస్తే అది కూడా పక్కకే జరుగుతుంది. గట్టిపడ్డాక చూస్తే పీచుతో రుద్ది, కడిగి, తుడిచి, ఇంకో పూత.

గోరు దిగేంత మెత్తగా, అడుగుదాకా జిగటగా ఉంటే పైపూతలతో ఏమీ కాదు. విప్పాల్సిందే. బ్లేడుతో దారాన్ని గైడ్ పాదం మీద, ఇనుము ఉన్న చోట మాత్రమే కోయండి. బ్లాంక్ మీద కోస్తే కార్బన్ పోగు మీద గాటు పడుతుంది, ఏదో ఒక రోజు పెద్ద చేప పడ్డప్పుడు రాడ్ సరిగ్గా అక్కడే పుటుక్కుమంటుంది. గట్టిపడిన పూతైతే హెయిర్ డ్రయర్‌తో వెచ్చబెట్టి (ఇక్కడ అది పనికొస్తుంది), మెత్తబడ్డాక వేలిగోటితో లేదా పాత ఏటీఎం కార్డు అంచుతో ఒలవండి. మిగిలిన బంకను ఆల్కహాల్ గుడ్డతో తుడవండి. పెయింటు తీసే ఘాటైన ద్రావకాలు బ్లాంక్‌లోని రెసిన్‌నే తినేస్తాయి, వాటి జోలికి పోవద్దు.

బావ రాడ్‌కి ఆఖరికి చేసింది ఇదే. ఎనిమిది గైడ్లూ విప్పి, కడిగి, మళ్లీ చుట్టాను. రబ్బరు లేని సిరంజీల కోసం రెండు రోజులు తిరిగాం. ఏసీ ఉన్న పడగ్గదిలో రాత్రంతా మోటారు నడుస్తుంటే అక్క హాల్లో పడుకుంది. తెల్లారి చూస్తే పూత అద్దంలా ఉంది, నాలుగో గైడ్ దగ్గర మాత్రం ఒక దోమ కాళ్లు చాపుకుని లోపల పడుకుని ఉంది. చెక్కేస్తానంటే బావ వద్దన్నాడు. ఇప్పటికీ ఆ రాడ్ ఎవరికి చూపించినా ముందు దోమనే చూపిస్తాడు.